అమెరికాలోని ఎస్‌ఎల్‌సి-6 రాకెట్ కేంద్రానికి నిజంగా శాపం ఉందా?

లేదు, కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్‌లో ఉన్న ఈ లాంచ్‌ప్యాడ్‌కు శాపమేమీ లేదు; దానికి తగిలిన ఒక్కో దెబ్బకు ఒక్కో కారణం ఉంది.

1966లో ఒక సైనిక ప్రాజెక్టు కోసం దీన్ని కట్టడం మొదలుపెడితే, 1969లో ఆ ప్రాజెక్టే రద్దయింది. తర్వాత స్పేస్ షటిల్ కోసం మళ్లీ కట్టారు. 1986లో ఛాలెంజర్ అనే షటిల్‌కు ప్రమాదం జరగడంతో అక్కడి నుంచి ఒక్క షటిల్ కూడా లేవలేదు. ఇన్నిసార్లు పని చెడేసరికి, అది చుమాష్ తెగవాళ్ల శ్మశానమని, వాళ్ల ఉసురు తగిలిందని కథ పుట్టింది. చుమాష్‌లు ఆ తీరంలో వేల ఏళ్లుగా ఉన్నవాళ్లే. కానీ మనుషులు చేసిన తప్పులను వాళ్ల పూర్వీకుల మీదికి నెట్టడం అన్యాయం.

దేవరకొండ వైపు చెలకలో మూడు బోర్లు ఫెయిలైతే "ఈ జాగ అచ్చిరాలేదు" అంటాం. కింద ఉన్నది గట్టి గ్రానైట్. రాతిలో పగులు తగిలితేనే నీళ్లు. ఈ లాంచ్‌ప్యాడ్ విషయంలోనూ అంతే. 1999 ఏప్రిల్‌లో ఎథీనా రాకెట్ ముక్కు మీద, దారిలో ఊడిపోవాల్సిన కవచం ఊడలేదు. ఆ బరువుతో ఇకోనోస్ ఉపగ్రహానికి కక్ష్యకు చేరే వేగం అందలేదు. అదే ఏడాది సెప్టెంబరులో అక్కడి నుంచే అలాంటి ఉపగ్రహమే కక్ష్యకు చేరింది.

అక్కడ ఏ ప్రయోగమూ సక్సెస్ కాలేదని చాలామంది అనుకుంటారు. అది తప్పు. 2006 నుంచి 2022 వరకు డెల్టా-4 రాకెట్లు అక్కడి నుంచే విజయవంతంగా ఎగిరాయి.