నట్టు బిగించానా లేదా అని అనుమానం... ఇది నీరసమేనా?

ప్రశ్న: నా వయసు 34. శంషాబాద్‌లో విమానాల మెయింటెనెన్స్ టెక్నీషియన్‌ని. ఎక్కువగా నైట్ షిఫ్టులే. పగలు నాలుగైదు గంటలకు మించి నిద్ర పట్టదు. తెల్లవారుజామున టాస్క్ కార్డులో (చేయాల్సిన పని వివరాలుండే కాగితం) చదివిన లైనే మళ్లీ చదువుతున్నాను. నట్టును కావాల్సినంతే బిగించే టార్క్ రెంచ్ పక్కన పెట్టగానే ‘ఇందాకటి నట్టు బిగించానా?’ అని టెన్షన్. బి12 ఇంజెక్షన్లు వేయించుకోమంటారా?

జవాబు: రక్తపరీక్షలో బి12 తక్కువని తేలితే తప్ప ఇంజెక్షన్లు అక్కర్లేదండీ. మీ లక్షణాలు చూస్తే నిద్ర చాలకపోవడమే కారణమనిపిస్తోంది. రాత్రి మూడు నుంచి ఐదు గంటల మధ్య ఒంట్లో చురుకుదనం బాగా పడిపోతుంది. ఎంత అనుభవం ఉన్నా ఇంతే. 1990లో బర్మింగ్‌హామ్ నుంచి బయల్దేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం కాక్‌పిట్ అద్దం గాల్లోనే ఊడిపోయి, కెప్టెన్ సగం బయటికి వెళ్లిపోయారు. ప్రాణాలతో బయటపడ్డారు, అది వేరే సంగతి. 27 గంటల ముందు, తెల్లవారుజామున ఆ అద్దం మార్చినప్పుడు 90 బోల్టుల్లో 84 ఉండాల్సిన దానికన్నా సన్నవి పడ్డాయి. బిగించింది కొత్త కుర్రాడు కాదు, షిఫ్ట్ మేనేజరే!

అందుకే ఆ వేళలో మీ జ్ఞాపకాన్ని నమ్మి పని పూర్తయిందని సంతకం పెట్టొద్దు. అనుమానం వస్తే మాన్యువల్ ప్రకారం మళ్లీ చెక్ చేయండి, ఇంకొకరికి చూపించండి. మధ్యలో ఎవరైనా పిలిస్తే, తిరిగొచ్చాక రెండు మూడు స్టెప్పులు వెనక్కి వెళ్లి మొదలుపెట్టండి. కీలకమైన పనులు అర్ధరాత్రి లోపే పెట్టమని షిఫ్ట్ ఇన్‌చార్జిని అడగండి. ‘నిద్ర ఆగట్లేదు సార్’ అని చెప్పడం నామోషీ కాదు.

డ్యూటీకి ముందు సాయంత్రం గంటన్నర పడుకోండి. బ్రేక్‌లో ఇరవై నిమిషాల కునుకు చాలు, కానీ లేచిన వెంటనే పనిముట్లు పట్టుకోకుండా పావుగంట ఆగండి. రాత్రి రెండు గంటలు దాటాక టీ మానేయండి. అందులోని కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. ఇక పొద్దున ఇంటికెళ్లి పడుకోబోతే నిద్రెలా వస్తుంది? గదిలో మందపాటి కర్టెన్లు వేసి, ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. పగటి నిద్రను బద్ధకం అనుకునే చుట్టాలకు ఇంట్లోవాళ్ల చేతే చెప్పించండి. తూలుతూ బైక్ మాత్రం నడపొద్దు, క్యాబ్‌లో వెళ్లండి.

గట్టిగా గురక పెడుతున్నా, లేవగానే తలనొప్పి ఉన్నా స్లీప్ స్టడీ (నిద్రలో శ్వాస ఎలా ఉందో చూసే పరీక్ష) చేయించుకోవాలి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ కూడా ఒకసారి చూపించండి. జలుబుకి మెడికల్ షాపులో తెచ్చుకునే మాత్రల్లో చాలావాటితో మత్తు వస్తుంది. డ్యూటీ రాత్రుల్లో డాక్టర్‌ని అడగకుండా వేసుకోకండి.