అంతఃసంఘర్షణ అంటే ఫ్రాయిడ్ దృష్టిలో ఏమిటి?

మనోవిశ్లేషణకు ఆద్యుడైన వైద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడ్ దృష్టిలో అంతఃసంఘర్షణ అంటే, ఒక కోరికకూ దాన్ని తప్పని నిషేధించే మనస్సాక్షికీ మధ్య, చాలావరకు మనకు తెలియకుండానే సాగే పెనుగులాట. 1923లో ఆయన మనసును మూడుగా విడదీసి చూపాడు: తక్షణ తృప్తి కోరే ఇడ్, తల్లిదండ్రుల నుంచి, సమాజం నుంచి సంక్రమించిన విధినిషేధాలను మోసే సూపర్ ఈగో, ఈ రెంటికీ బయటి ప్రపంచానికీ మధ్య రాజీ కుదర్చవలసిన ఈగో. రాజీ కుదరకపోతే కోరిక అచేతనంలోకి, అంటే మన ఎరుకకు అందని మనసులోకి, అణగిపోతుందే గాని నశించదు. ఆందోళనగానో, ఒంటి బాధగానో వేషం మార్చుకుని తిరిగి వస్తుంది.

ఆయన 1895లో ప్రచురించిన ఒక కేసులో, కాళ్ల నొప్పులతో నడవడమే కష్టమైన ఒక యువతికి, చనిపోయిన అక్క మంచం పక్కన నిలబడినప్పుడు ‘బావ ఇక నన్ను పెళ్లి చేసుకోవచ్చు’ అనే ఆలోచన క్షణకాలం మెదిలిందనీ, భరించలేక అణచివేసిన ఆ ఆలోచన నొప్పిగా మారిందనీ ఫ్రాయిడ్ భావించాడు. ఆమె మాత్రం ఈ వివరణను గట్టిగా ప్రతిఘటించింది. దానికి శాస్త్రీయ నిరూపణ ఉందని కూడా చెప్పలేం.

‘ఈగో’ అంటే అహంకారమని మన వాడుకలో స్థిరపడింది గాని, ఫ్రాయిడ్ జర్మన్‌లో వాడినది ‘నేను’ అనే మామూలు మాటే. ఆయన వర్ణనలో అది పొగరుబోతు కాదు, ముగ్గురు యజమానుల మధ్య నలిగిపోయే సేవకుడు. ఇడ్, ఈగో, సూపర్ ఈగో అనే ఈ మూడూ మెదడులోని భాగాలు కూడా కావు.