మీ తర్వాత మీ సేకరణ ఏమవుతుంది? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

స్టాంపులు, నాణేలు, గవ్వలు, పుస్తకాలు, రికార్డులు... ఏళ్ల తరబడి కూడబెట్టినవాటిని ఎవరి చేతిలో పెట్టాలని అడుగుతూ విశాఖ నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఆరింటికి ఈసారి జవాబులిస్తున్నాం.

నా వయసు 74. స్టాంపుల ఆల్బములు 38, నాణేల ట్రేలు 12 ఉన్నాయి. అబ్బాయి డల్లాస్‌లో, అమ్మాయి హైదరాబాద్‌లో ఉంటారు. ఇద్దరికీ వీటి మీద ఆసక్తి లేదు. నా తర్వాత ఇవన్నీ తూకానికి పోతాయేమోనని బెంగ. ఎక్కడ మొదలుపెట్టాలి?
*– ఓ పాఠకుడు, ఎం.వి.పి. కాలనీ*

నోటుపుస్తకంతో మొదలుపెట్టండి. ఏ ఆల్బములో ఏ పేజీలో విలువైనది ఉందో రాసి ఉంటే, ఆసక్తి లేని పిల్లలు కూడా మీ సేకరణను సరైన ధరకు సరైన చోటికి చేర్చగలరు. ఆ సంగతి మీకొక్కరికే తెలిసి ఉంటే, ఎంత ఇష్టమున్న వారసుడైనా మోసపోతాడు.

అన్నీ రాయబోతే రెండో ఆల్బము దగ్గరే విసుగొచ్చి వదిలేస్తారు. అందుకే ముందు మూడు వాటాలు చేసుకోండి. విడిగా అమ్మినా ధర పలికేవి మొదటి వాటా. ఎంత పెద్ద సేకరణలోనైనా ఇవి కొద్దిగానే ఉంటాయి. సెట్టు చెదరకుండా ఉంటేనే విలువ ఉండేవి రెండో వాటా. మిగిలినదంతా మూడో వాటా. దానికి ‘ఆల్బము 14: 1975-90 స్మారక స్టాంపులు, వాడినవి, సుమారు 600’ అని ఒక్క వరుస రాస్తే సరిపోతుంది.

మొదటి వాటాలోని ప్రతిదానికీ మాత్రం పూర్తి వివరం కావాలి. ఉదాహరణకు ఇలా రాయండి: ‘నం. 7. గాంధీ 10 రూపాయలు, 1948 ఆగస్టు 15 విడుదల. వాడనిది, వెనక జిగురు చెక్కుచెదరలేదు, హింజి (ఆల్బముకు అతికించే చిన్న జిగురు కాగితం) మచ్చ లేదు. ఆల్బము 3, పేజీ 11. కొన్న బిల్లు అదే పేజీ వెనక కవరులో. దీనికి నకిలీలు ఎక్కువ, నిపుణుల సర్టిఫికెట్టు చూపించకుండా బేరం మొదలుపెట్టొద్దు.’ చివరి వాక్యం లాంటిది ఒక్కటి ప్రతి నంబరు కిందా ఉండాలి. తెలియనివాళ్లు ఎక్కడ దెబ్బతింటారో మీకు తెలిసినంతగా ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. ముందూ వెనకా ఫోటోలు తీసి, ఫోటోకూ అదే నంబరు పెట్టండి. ఆల్బము పేజీ మీద రాయాల్సి వస్తే మెత్తని పెన్సిలే వాడండి, పెన్ను సిరా కాగితంలోంచి దిగి స్టాంపుకు అంటుకుంటుంది.

ధర దగ్గర జాగ్రత్త. కేటలాగులో ఉండేది దుకాణదారు అమ్మే ధర, మీ దగ్గర కొనే ధర కాదు. అదే అంకె రాసిపెడితే వచ్చిన ప్రతి బేరాన్నీ పిల్లలు మోసమనుకుని తిప్పి పంపేస్తారు, ఆల్బములేమో తడిగాలికి పాడైపోతాయి. ఈమధ్య వేలాల్లో నిజంగా అమ్ముడైన ధరలు చూసి ‘ఇంత నుంచి ఇంత’ అని రాసి, పక్కన తేదీ వేయండి. ఉగాదికోసారి సరిచూసుకుంటే చాలు. 1970 తర్వాతి మామూలు స్మారక స్టాంపులకు, మొదటిరోజు కవర్లకు (స్టాంపు విడుదలైన రోజు ముద్ర వేసిన కవర్లు) పెద్ద ధర రాదని కూడా నిజాయితీగా రాయండి. లేదంటే పిల్లలు వాటి మీదే ఆశ పెట్టుకుంటారు.

నోటుపుస్తకం ఇంట్లో ఒకటే ఉంటే చాలదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గాలికి కిటికీలు ఊడి వాననీళ్లు గదుల్లోకి కొట్టిన ఇళ్లు ఈ ఊళ్లో ఎన్నో ఉన్నాయి. ఒక ప్రతి హైదరాబాద్‌లో అమ్మాయి దగ్గర ఉంచండి, ఫోటోలు ఇద్దరికీ పంపండి.

ఇక తడిగాలి సంగతి. సముద్రం పక్కన ఆల్బములను ఇనుప బీరువాలో పడుకోబెడితే పేజీలు అంటుకుంటాయి, స్టాంపుల మీద తుప్పు రంగు మచ్చలు లేస్తాయి. మూత బిగుసుకునే 30 లీటర్ల ప్లాస్టిక్ డబ్బాల్లో నిలబెట్టి, డబ్బాకు 200 గ్రాముల సిలికా జెల్ వేసి, లోపల చిన్న తేమ మీటరు పెట్టండి. ముల్లు 50 శాతం దగ్గర ఉండాలి. 65 దాటిందంటే బూజుకు దారి ఇచ్చినట్టే. నీలం జెల్ గులాబీ రంగుకు తిరిగితే 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు ఉంచి మళ్లీ వాడుకోవచ్చు. కలరా ఉండలు మాత్రం వేయొద్దు, ఆ ఆవిరికి కొన్నిరకాల ప్లాస్టిక్ మెత్తబడి స్టాంపుకు అతుక్కుంటుంది. ఈ నాలుగు మాటలూ నోటుపుస్తకం మొదటి పేజీలో ఉండాలి. మీరు పోయాక అమ్మకం జరిగేదాకా ఏడాదో రెండేళ్లో డబ్బాలను చూసుకోవాల్సింది వాళ్లే.

ఇద్దరికీ ఆసక్తి లేదని తేలిపోయింది కాబట్టి, మొదటి వాటాను మీ చేతుల మీదుగానే అమ్మడం గురించి గట్టిగా ఆలోచించండి. బేరమాడే పరిజ్ఞానం మీకుంది. మనసొప్పని పది పన్నెండు ఉంచుకుని మిగతావి కదిలించండి.

మావారు పోయి ఐదు నెలలైంది. ఆయన నాణేల పెట్టెలు రెండున్నాయి. ఒక వ్యాపారి మొత్తం కలిపి రెండు లక్షలిస్తానంటున్నాడు. నగల కొట్టులో వెండి ధర కడతామన్నారు. ‘ఈ నోటుంటే ఐదు లక్షలు’ అని ఫోన్‌కు సందేశాలూ వస్తున్నాయి. నల్లబడ్డ నాణేలు తోమించి అమ్మితే ఎక్కువొస్తుందా?
*– ఓ పాఠకురాలు, గాజువాక*

అమ్మా, ముందు తోమే ఆలోచన మానుకోండి. చింతపండు, పీతాంబరి, నిమ్మకాయ, టూత్‌పేస్టు ఏదీ తాకించొద్దు. తోమిన రూపాయిని పది రెట్ల భూతద్దం కింద వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే దాని మీది విక్టోరియా రాణి బుగ్గ మీద ఒకే వైపుకు వెంట్రుకల్లాంటి గీతలు కనిపిస్తాయి. కొనేవాళ్లు ముందు వెతికేది ఆ గీతలనే. అవి కనబడితే సేకర్తలిచ్చే ధర పోయి వెండి ధరే మిగులుతుంది. పోయిన మెరుపును తిరిగి తెచ్చే ఉపాయం లేదు. నల్లటి పొర లోహాన్ని తినదు, ఉండనివ్వండి. మెత్తని ప్లాస్టిక్ కవర్లలో ఉన్న నాణేలకు ఆకుపచ్చని జిడ్డు పట్టి ఉంటే మాత్రం అది పీవీసీ వల్ల వచ్చింది. వాటిని విడిగా తీసి, పీవీసీ లేని, ‘పెట్’ (PET) అనే ప్లాస్టిక్ హోల్డర్లలోకి మార్చండి. అంచులు పట్టుకునే తీయాలి. పాత నోట్లను జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించడమూ అంతే నష్టం.

నగల కొట్టు లెక్క మీరే వేసుకోవచ్చు. 1939 వరకు వచ్చిన బ్రిటిష్ రూపాయి 11.66 గ్రాములు, అందులో 91.7 శాతం వెండి, అంటే సుమారు 10.7 గ్రాములు. 1940 నుంచి 1945 వరకు వచ్చినవాటిలో సగమే వెండి. 1947 రూపాయి పూర్తిగా నికెల్, అయస్కాంతం పెడితే టక్కున అంటుకుంటుంది. ఈ లెక్కతో వచ్చేది అడుగు ధర, దాని కిందికి ఎవరికీ ఇవ్వొద్దు. 1939 సంవత్సరం వేసిన రూపాయి ఉంటే పక్కన పెట్టండి. అది చాలా అరుదు, అంతే ఎక్కువగా నకిలీలూ తిరుగుతుంటాయి, తెలిసినవాళ్లకు చూపించకుండా అమ్మొద్దు.

మొత్తానికి కలిపి ఇచ్చే ధరలో మంచివాటి విలువ మామూలువాటిలో కలిసిపోతుంది. అలాగని వ్యాపారిని నచ్చినవి ఏరుకోనిస్తే ముప్పై మంచివి పట్టుకెళ్లి చిల్లర మీకు మిగులుస్తాడు. మీవారు విడిగా హోల్డర్లలో పెట్టినవి, బిల్లులున్నవి ఫోటోలు తీసి ముగ్గురికి వేర్వేరుగా చూపించి, ఒక్కోదానికి విడి ధర రాయించుకోండి. వేలం సంస్థకు ఇవ్వదలిస్తే కమీషన్ ఎంత, కనీస ధర ఎవరు నిర్ణయిస్తారు, రవాణాలో బీమా ఎవరిది, అమ్మాక డబ్బు ఎన్నాళ్లకు ఇస్తారు, ఈ నాలుగూ కాగితం మీద ఉండాలి. మిగిలినవి తర్వాత టోకున ఇవ్వొచ్చు. తొందరపెట్టే వ్యాపారికి వెంటనే ఊ అనకండి.

ఫోన్ సందేశాలు తుడిచేయండి. పాత నోట్లు, నాణేల కొనుగోలు పేరిట తమ పేరు వాడుకుని కమీషన్లు, పన్నులు అడుగుతున్నారని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. అమ్మేవాళ్లు ముందుగా డబ్బు కట్టే పద్ధతి ఎక్కడా లేదు.

పెట్టెలో రద్దయిన 500, 1000 నోట్లు ఉన్నాయేమో లెక్కపెట్టండి. 2017 చట్టం ప్రకారం అన్నీ కలిపి పదికి మించి ఉంచుకోకూడదు. నాణేల అధ్యయనం, పరిశోధన కోసమైతే 25 వరకు. ఒకే ఇంట్లో రెండు సేకరణలు కలిసినప్పుడు ఈ లెక్క తెలియకుండానే దాటిపోతుంది. దాటితే జరిమానా కనీసం పదివేలు, లేదా నోట్ల ముఖవిలువకు ఐదు రెట్లు, ఏది ఎక్కువైతే అది.

మామగారి నాణేల్లో కంపెనీ కాలానివి, భీమిలిలో కొన్న డచ్చి రాగి నాణేలు ఉన్నాయి. సంక్రాంతికి వచ్చినప్పుడు అమెరికా తీసుకెళ్తానని మా ఆయన అంటున్నారు. పర్వాలేదా?
*– ఓ పాఠకురాలు, సీతమ్మధార*

వద్దమ్మా. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన నాణెం పురావస్తువు. దాన్ని దేశం దాటించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి, అది నియమించిన సంస్థకు తప్ప ఎవరికీ లేదు. తాతల నాటి సొత్తు అని చెప్పినా, సూట్‌కేసులో ఒక్కటే ఉన్నా చట్టం మారదు. పట్టుబడితే ఆరు నెలలకు తక్కువ కాకుండా మూడేళ్ల దాకా జైలు, పైగా జరిమానా. డచ్చి కంపెనీ నాణేలన్నీ ఈ చట్టం కిందికే వస్తాయి. విక్టోరియా కాలపు స్టాంపులనూ ఇదే జాగ్రత్తతో చూడండి. చారిత్రక విలువ గల రాతప్రతికైతే 75 ఏళ్లు చాలు. ఏటేటా కొత్త నాణేలు ఈ గీత లోపలికి వస్తుంటాయి, అందుకే పట్టికలో సంవత్సరం తప్పకుండా రాయాలి. నూరేళ్లు నిండకపోయినా పాతగా కనిపించేవాటికి పురావస్తు శాఖ నుంచి ‘పురావస్తువు కాదు’ అనే ధ్రువపత్రం ముందే తీసుకుంటే విమానాశ్రయంలో గొడవ ఉండదు.

పాతవి ఇక్కడున్న వారసుడి వాటాకు, కొత్తవి అక్కడున్న వారసుడి వాటాకు వచ్చేలా పంచడం మేలు. విగ్రహాలు, పాత చిత్రాలు, బొమ్మలున్న రాతప్రతులు ఉంటే రిజిస్ట్రేషన్ పత్రం ఉందేమో వెతకండి. చేతులు మారినప్పుడు రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలి.

నాన్నగారి గవ్వల అల్మరాలో పగడపు కొమ్మలు, పెద్ద శంఖాలు ఉన్నాయి. కొన్ని గవ్వల మీద తెల్లటి పొడి వస్తోంది.
*– ఓ పాఠకుడు, లాసన్స్ బే కాలనీ*

పొడి బూజు కాదు. చెక్క, ప్లైవుడ్, అట్టపెట్టెల నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి, మన తేమ కలిసి గవ్వ సున్నాన్ని తినేస్తున్నాయి. వాసన చూస్తే వెనిగర్ ఘాటు తెలుస్తుంది. మంచినీళ్లతో కడిగి, పూర్తిగా నీడలో ఆరబెట్టి, గాజు లేదా పాలిథీన్ డబ్బాల్లోకి మార్చండి. ప్రతి గవ్వ కిందా ఉన్న చీటీ, అంటే ఎక్కడ, ఎప్పుడు దొరికిందో రాసినది, గవ్వతోనే కదలాలి. అది పోతే ఆంధ్ర విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విభాగం లాంటి చోట్ల ఆ గవ్వకు పనే ఉండదు.

పగడాల సంగతి వేరు. పగడపు దిబ్బల ముక్కలు, సముద్రపు విసనకర్రలు (విసనకర్రలా పరుచుకునే పగడాల జాతి), నాటిలస్ (చుట్ట తిరిగిన గుల్ల ఉన్న సముద్రజీవి), ట్రైటన్ శంఖం, ట్రైడాక్నా అనే పెద్ద ఆల్చిప్ప, సముద్రపు గుర్రం, ఇవన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. అమ్మకూడదు. వారసత్వంగా వచ్చినవాటిని 90 రోజుల్లోపు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు గానీ, ఆయన నియమించిన అధికారికి గానీ తెలియజేయాలి. అటవీ శాఖ కార్యాలయానికి ఫోటోలు, పట్టిక, మరణ ధ్రువపత్రం నకలు తీసుకెళ్లండి. నాన్నగారి పేర యాజమాన్య ధ్రువపత్రం ఉందేమో ముందు చూసుకోండి. మామూలు గవ్వలకు ఈ చిక్కేమీ లేదు.

వీలునామాకు స్టాంపు పేపరు కావాలా? పుస్తకాలు గ్రంథాలయానికి, నాణేలు మ్యూజియానికి రాయాలని ఉంది.
*– ఓ పాఠకుడు, పెందుర్తి*

తెల్లకాగితం చాలు. మీరు సంతకం చేస్తుండగా ఇద్దరు సాక్షులు చూడాలి, వాళ్లిద్దరూ మీ ఎదుటే సంతకాలు పెట్టాలి. లబ్ధి పొందేవాళ్లను సాక్షులుగా పెట్టకండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, చేయిస్తే తర్వాత తగాదాలు తగ్గుతాయి. ‘నా సేకరణ’ అని ఊరుకోకుండా ‘ఫలానా తేదీ సంతకం చేసిన పట్టికలోని 1 నుంచి 38 వరకు’ అని రాయండి. సేకరణ సంగతి తెలిసిన ఒకరిని ఎగ్జిక్యూటర్‌గా, అంటే వీలునామాను అమలు చేసే వ్యక్తిగా పెట్టండి. లాకరులో ఉంచితే నామినీకి దక్కేది తీసుకునే హక్కే, సొత్తు వారసులదే. వీలునామా లేకపోతే హిందూ పురుషుడి సొంత ఆస్తి భార్యకు, పిల్లలకు, తల్లికి సమానంగా వెళ్తుంది. అంటే సెట్టును విడదీయాల్సి వస్తుంది.

మ్యూజియానికో, గ్రంథాలయానికో అడగకుండా రాస్తే వాళ్లు కాదనవచ్చు, అట్టపెట్టెల్లోనే ఉంచేయవచ్చు. బీచ్‌రోడ్డులోని విశాఖ మ్యూజియం గానీ, ద్వారకానగర్ పౌర గ్రంథాలయం గానీ, ఆంధ్ర విశ్వవిద్యాలయం గ్రంథాలయం గానీ, ముందు పట్టిక పంపి ఏవి కావాలో అడగండి. రచయిత, పేరు, ప్రచురణ సంవత్సరం, బైండింగ్ స్థితి ఉంటే చాలు. తమ దగ్గర ఉన్నవాటి రెండో ప్రతులు వాళ్లకు భారం. ‘ఎప్పటికీ ప్రదర్శనలో ఉంచాలి’ అనే షరతు పెట్టకండి, ఆ ఒక్క మాటతో ఒప్పుకునేవాళ్లు కూడా వెనక్కి తగ్గుతారు. వాళ్లకు అక్కర్లేనివి ఎవరికి ఇవ్వాలో మాత్రం రాయించుకోండి. కుదిరితే బతికుండగానే ఇవ్వండి. కదిలే వస్తువును చేతికి అందిస్తే దానం పూర్తయినట్టే, అందుకున్నామని అధికారి సంతకంతో పట్టిక తీసుకుంటే చాలు.

తాతగారి గ్రామఫోన్ రికార్డులు 200. మంచి ఇంటికి ఇచ్చేముందు శుభ్రం చేయాలి.
*– ఓ పాఠకుడు, కంచరపాలెం*

నిమిషానికి 78 సార్లు తిరిగేవాటికి స్పిరిట్ తాకనివ్వొద్దు. అవి లక్కతో చేసినవి, స్పిరిట్‌లో లక్క కరిగి గాడులు చెరిగిపోతాయి. మెత్తని బ్రష్షుతో పొడి దుమ్ము దులిపి, చుక్క డిష్ సబ్బు కలిపిన నీళ్లతో తుడిచి, మధ్య లేబుల్ తడవకుండా చూడండి. నిలబెట్టే ఉంచాలి, ఒకదానిమీద ఒకటి పేరిస్తే అడుగువి పగులుతాయి. ఒక్కోటి పావుకిలో దగ్గర ఉంటుంది, అట్టపెట్టెకు పాతిక మించి పెట్టకండి. పెట్టె మీద ‘పడుకోబెట్టొద్దు’ అని నాలుగు వైపులా రాయండి.