కండెలో ఖాళీలు ఎందుకు?

ప్రశ్న: ట్యాంక్‌బండ్‌ మీద కాల్చిన మొక్కజొన్న కండె కొన్నాను. వరుసల మధ్య అక్కడక్కడా గింజలే లేవు. పురుగు తిన్నదా?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: చాలాసార్లు పురుగు కాదమ్మా, పుప్పొడి అందకపోవడమే కారణం. మొక్క కొసన ఊగే జల్లు మగపూత, ఆకు మొదట్లో పుట్టే కండె ఆడది. మనం పీకి పారేసే పీచులో ఒక్కో పోగు ఒక్కో గింజది! నిన్న మోండా మార్కెట్‌ నుంచి తెచ్చిన లేత కండెను మెల్లగా ఒలిచి చూశాను. తడి దారాలు గింజ గింజకూ అంటుకొని ఉన్నాయి. గాలికి రాలిన పుప్పొడి ఏ పోగునైతే చేరలేదో అక్కడ గింజ కట్టదు.

దీని పుట్టిల్లు మెక్సికో. సుమారు 9,000 ఏళ్ల కిందట బల్సాస్‌ లోయ రైతులు టియోసింటె అనే అడవి గడ్డి నుంచి దీన్ని మలిచారు. ఆ గడ్డి కంకికి పది, పన్నెండు గింజలే, అవీ రాయిలాంటి డిప్పల్లో. ఎంత ఓపికమ్మా వాళ్లది! ఇప్పటి కండె మాత్రం మనిషి ఒలిచి నాటకపోతే తనంతట తాను విత్తనం చల్లుకోలేదు.