క్షమాపణ అడిగాడుగా, ఇంకా పోలీసులెందుకు అంటున్నారు సంఘ పెద్దలు

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లాలో చిన్న టౌను. మా ఆయన కువైట్‌లో ఉంటారు. మా పాపకు 13 ఏళ్లు. మా సంఘంలో కీబోర్డు వాయించే అతను శనివారాలు క్వయిర్ పిల్లలకు ప్రాక్టీసు చేయిస్తాడు. సంఘ పెద్దల్లో ఒకరికి మేనల్లుడు. ప్రాక్టీసు అయ్యాక పాపను ఏదో ఒక వంకతో ఆపి, రెండు మూడుసార్లు ఒంటి మీద చెయ్యి వేశాడట. పాప వాడే పాత ఫోనుకు రాత్రిళ్లు పాడు మెసేజులు పెట్టాడు. పాస్టరు గారికి చెబితే ఆయన పెద్దల్ని పిలిపించి, పాపను అతనికి ఎదురుగా కూర్చోబెట్టి అడిగించారు. పాప ఏడుపే తప్ప మాట్లాడలేదు. "సాక్షులెవరమ్మా?" అన్నారు ఒకాయన. మెసేజులు చూపిస్తే అతను మోకాళ్లూని, తప్పయింది క్షమించమన్నాడు. అందరూ ప్రార్థన చేసి, ఇక ఏ ఫిర్యాదూ లేదని నాతో కాగితం మీద సంతకం పెట్టించారు. పోలీసుల దగ్గరకు వెళితే సంఘం పరువు పోతుందని, మనమంటే గిట్టనివాళ్లకు దొరికిపోతామని అంటున్నారు. క్వయిర్‌లోనే పాడే 19 ఏళ్ల అమ్మాయి తనకూ అలాంటి మెసేజులు వచ్చాయని నాతో చెప్పింది. మా ఆయన తను వచ్చేదాకా ఆగమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఆయన వచ్చేదాకా ఆగవద్దు. ఫిర్యాదు తండ్రే ఇవ్వాలని ఎక్కడా లేదు. మీరు ఇవ్వవచ్చు, పాపే ఇవ్వవచ్చు, విషయం తెలిసిన ఎవరైనా ఇవ్వవచ్చు. నిజానికి పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం (2012) 19వ సెక్షన్ ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఒక సంస్థకు బాధ్యుడిగా ఉండి, తన కింద పనిచేసేవాడి నేరాన్ని చెప్పకుండా ఉంచితే ఏడాది వరకు జైలు, జరిమానా. పాస్టరు గారికి గానీ, ఆ గదిలో కూర్చున్న పెద్దలకు గానీ చట్టం మినహాయింపు ఇవ్వలేదు. వాళ్లను బెదిరించడానికి కాదు ఈ మాట చెబుతున్నది. మిమ్మల్ని ఆపుతున్నవాళ్లు తమనూ చిక్కుల్లోకి లాక్కుంటున్నారని చాలామందికి తెలియదు.

మీరు పెట్టిన సంతకం గురించి భయపడకండి. ఇలాంటి నేరంలో రాజీకి చోటు లేదు, ఆ కాగితం మీ చేతులు కట్టేయదు. ఒక టీచరు మీద వచ్చిన ఇలాంటి కేసును ఇరుపక్షాలు రాజీపడ్డాయని హైకోర్టు కొట్టేస్తే, 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసి కేసు నడపమంది. ఆ కాగితం ఫొటో మీ దగ్గర ఉంటే చెరిపేయకండి. ఎవరు రాశారో, ఎవరెవరు సంతకాలు పెట్టారో అదే చెబుతుంది.

ఇక ఆ రోజు గదిలో జరిగింది. పెద్దలు అది ముగింపు అనుకుంటున్నారు. కేసు కోణంలో చూస్తే ఆ గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ ఇప్పుడు సాక్షే. పోలీసులు కానివాళ్ల ముందు నిందితుడు తప్పు ఒప్పుకుంటే కోర్టు దాన్ని పరిశీలిస్తుంది. ఒక్కదాన్నే ఆధారం చేసుకుని శిక్ష వేయడానికి కోర్టులు వెనకాడతాయి గానీ, మెసేజులు, పాప మాట పక్కన ఉంటే దానికి బరువు వస్తుంది. అయితే "ఒప్పుకో, క్షమించేస్తాం, ఎక్కడికీ పోనివ్వం" అని ఎవరైనా ముందే మాటిచ్చి ఒప్పించి ఉంటే, ఆశపెట్టి చెప్పించారని అతని లాయరు వాదిస్తాడు. కాబట్టి ఎవరు ఏ మాట అన్నారో గుర్తున్నంత వరకు ఈరోజే ఒక నోటుబుక్కులో తేదీ వేసి రాసి పెట్టుకోండి. అందంగా రాయనక్కర్లేదు, ఉన్నదున్నట్టు రాస్తే చాలు.

సంఘాలు మళ్లీ మళ్లీ చేసే పొరపాటు ఇక్కడే ఉంది. విచారణ తమ పని అనుకుంటారు. పాపను అతని ఎదురుగా కూర్చోబెడితే నిజం బయటపడుతుందనుకుంటారు. పిల్లలు అలాంటి చోట మాట్లాడరు, మాట్లాడకపోతే అబద్ధమని తేలుస్తారు. నలుగురు పెద్దలు నాలుగు రకాలుగా అడిగితే పాప మాటల్లో చిన్న చిన్న తేడాలు వస్తాయి, రేపు క్రాస్ ఎగ్జామినేషన్‌లో పట్టుకునేది వాటినే. పైగా పోలీసుల కన్నా ముందు అతనికి కబురందింది కాబట్టి ఈపాటికి తన ఫోనులోవి చెరిపేసి ఉంటాడు. మీ దగ్గరున్న ఫోనే ఇప్పుడు ముఖ్యం.

ఆ ఫోను పాపకు ఇవ్వకండి, రీసెట్ చేయకండి, రిపేరు షాపుకు పంపకండి, వాట్సాప్ తీసేసి మళ్లీ వేయకండి. వాటంతటవే మాయమయ్యే మెసేజుల సెట్టింగు ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే వెంటనే ఇంకో ఫోనుతో తెర మీదున్నది ఫొటో తీయండి. పైన అతని నంబరు, తేదీ, టైము కనబడాలి. అతన్ని బ్లాక్ చేయడం ఇవన్నీ అయ్యాక. కోపంలో పాప పేరుతో అతనికి మెసేజులు పెట్టి ఏదైనా రాబట్టాలని చూడకండి, అది మీకే ఎదురు తిరుగుతుంది. స్క్రీన్‌షాట్లు ఉన్నాయి కదాని ఫోను పారేస్తే కుదరదు. ఎలక్ట్రానిక్ ఆధారానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేయాలి, అసలు ఫోను ఉంటే ఆ పని తేలిక. ఫోను తీసుకున్నప్పుడు పోలీసుల నుంచి రసీదు అడగండి.

స్టేషనుకు వెళ్లేటప్పుడు పాప జనన ధ్రువీకరణ పత్రం గానీ, బడి నుంచి పుట్టిన తేదీ ఉన్న సర్టిఫికెట్ గానీ పట్టుకెళ్లండి. వయసు తేల్చేది అవే. స్టేషనుకే వెళ్లాలని కూడా లేదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ, అత్యవసర నంబరు 112కి గానీ ఫోను చేయవచ్చు. సంఘటన వేరే స్టేషను పరిధిలోదైనా జీరో ఎఫ్ఐఆర్ రాసుకోవాలి. ఎఫ్ఐఆర్ కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి. "పెద్దలతో మాట్లాడుకోండమ్మా" అని ఎస్ఐ పంపించేస్తే, అదే ఫిర్యాదును ఎస్పీ ఆఫీసుకు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, రసీదు దాచండి.

ఫిర్యాదులో ఆలస్యాన్ని దాచవద్దు. చాలామంది భయపడి తేదీలు జరుపుతారు, కేసు పాడయ్యేది అక్కడే. "ఫలానా రోజు పాప నాకు చెప్పింది, ఫలానా రోజు పాస్టరు గారికి చెప్పాను, ఫలానా రోజు పెద్దలు కూర్చోబెట్టారు, అందుకే ఇన్ని రోజులు పట్టింది" అని రాయండి. పిల్లల కేసుల్లో ఆలస్యం ఎందుకు జరుగుతుందో కోర్టులకు తెలుసు. పాప చెప్పిన మాటలు పాప మాటల్లోనే రాయండి, మీరు పెద్ద మాటలు చేర్చకండి. మళ్లీ మళ్లీ అడిగి వివరాలు రాబట్టడం కూడా ఆపేయండి.

పాప వాంగ్మూలం ఇంట్లోనే, లేదా పాప కోరిన చోట తీసుకోవాలి. వీలైనంత వరకు ఎస్ఐ హోదాకు తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా రావాలి. మీరు పక్కన ఉండవచ్చు. అతను పాపకు ఎదురుపడకుండా చూసే బాధ్యత పోలీసులది, తర్వాత కోర్టుది. పోలీసులు 24 గంటల్లో బాలల సంక్షేమ సమితికి, ప్రత్యేక కోర్టుకు తెలియజేయాలి. ఆ సమితిని ఒక మాట గట్టిగా అడగండి: కేసు అయ్యేదాకా మీతో ఉండే సహాయక వ్యక్తిని ఇవ్వమని. మీ ఆయన ఊళ్లో లేరు కాబట్టి ఇది మీకు బాగా అవసరం. లాయరు ఖర్చు గురించి దిగులు వద్దు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది, ఫోను నంబరు 15100. వైద్య పరీక్ష అంటే హడలిపోకండి. మహిళా డాక్టరే చేయాలి, మీ ముందే చేయాలి, మీ అనుమతి లేకుండా చేయకూడదు.

"బట్టల మీద నుంచే కదా" అని ఎవరైనా తేలిక చేస్తే, ఆ వాదనను సుప్రీంకోర్టు 2021 నవంబరులోనే కొట్టేసింది. ఒకటికి మించి జరిగిందంటున్నారు కాబట్టి ఇది తీవ్రమైన లైంగిక దాడి కిందకు రావచ్చు, శిక్ష 5 నుంచి 7 ఏళ్లు. మత సంస్థ నిర్వాహకులు, సిబ్బంది చేస్తే కూడా అదే తీవ్రత. జీతం లేని కీబోర్డు ప్లేయరు సిబ్బంది అవుతాడా లేదా అన్నది కోర్టు తేలుస్తుంది, మీరు దాని మీద తల పగలగొట్టుకోనక్కర్లేదు.

సాక్షులెవరని అడిగిన పెద్దాయన గురించి. ఇద్దరు ముగ్గురు సాక్షులుండాలన్న మాట 1 తిమోతి 5:19లో పెద్దల మీద వచ్చే నేరారోపణ గురించి ఉంది. ఇతను పెద్ద కూడా కాదు. ఎవరూ లేనప్పుడే జరిగే నేరానికి ఇద్దరు సాక్షుల్ని అడిగితే ఏమవుతుందో ఆస్ట్రేలియాలో బయటపడింది. సంస్థల్లో పిల్లల మీద జరిగిన లైంగిక దాడుల్ని విచారించిన అక్కడి రాయల్ కమిషన్ (2013-17) యెహోవాసాక్షుల సంఘం ఫైళ్లు తెప్పిస్తే 1950 నుంచి 1,006 మంది మీద ఆరోపణలు నమోదై ఉన్నాయి. సంఘం వాటిలో ఒక్కటి కూడా పోలీసులకు చెప్పలేదు. మన కోర్టులు నమ్మదగినదిగా ఉంటే పిల్ల మాట ఒక్కటే చాలంటాయి.

మత్తయి 18:15 చూపించి "ముందు ఒంటరిగా మాట్లాడుకోవాలి" అంటారు. అదే అధ్యాయంలో తొమ్మిది వచనాల ముందు, చిన్నవారిని అభ్యంతరపరచేవాడి మెడకు తిరుగటిరాయి కట్టడం మేలని ఉంది. అది కూడా చదవమనండి. 1 కొరింథీ 6లో విశ్వాసులు ఒకరి మీద ఒకరు కోర్టుకెక్కవద్దన్నది అల్పమైన తగాదాల గురించి, ఆ ముందు అధ్యాయమే లైంగిక పాపం చేసినవాణ్ని సంఘంలోంచి వెలివేయమంటుంది. నేరాన్ని శిక్షించే పని పాలకులదని రోమా 13 చెబుతూనే ఉంది. మీరు అతన్ని క్షమించాలనుకుంటే క్షమించండి, అది మీకూ దేవుడికీ మధ్య విషయం. క్షమించినా ఫిర్యాదు ఇవ్వవచ్చు. పాప తరఫున క్షమించే హక్కు మాత్రం ఆ గదిలో ఎవరికీ లేదు, మీకు కూడా.

పరువు భయం ఉత్తిదని అనను. చిన్న సంఘాల మీద ఈ రోజుల్లో ఎన్ని కళ్లుంటాయో తెలిసిందే. కానీ ఒకడు తప్పు చేశాడన్నది ఒక వార్త, సంఘమంతా కలిసి దాచిందన్నది దానికన్నా పెద్ద వార్త. రెండోది పెద్దల చేతిలోనే ఉంది. పాప పేరు, ఫొటో, చిరునామా, బడి పేరు బయటపెట్టడం నేరం, విచారణ కూడా మూసిన గదిలోనే జరుగుతుంది. సంఘం వాట్సాప్ గ్రూపులో "ఫలానా సిస్టర్ గారి పాప కోసం ప్రార్థించండి" అని పెట్టకూడదని పాస్టరు గారికి ముందే చెప్పండి. మంచి మనసుతో చేసే ఈ పనితోనే ఊరంతా తెలుస్తుంది.

పాస్టరు గారు ఇప్పుడైనా చేయగలిగిన పని ఉంది. అతన్ని క్వయిర్, సండే స్కూలు, యూత్ మీటింగు, విబిఎస్ (సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిలు తరగతులు) అన్నింటి నుంచీ తప్పించాలి, కేసు తేలేదాకా. "కొన్నాళ్లు వేరే సంఘానికి వెళ్లు" అని మంచి ఉత్తరం రాసి పంపకూడదు. అక్కడా పిల్లలుంటారు. మీ ఇంటికి రాయబారాలు పంపకూడదు, మేనమామ అయిన పెద్ద ఈ విషయంలో ఏ మాటా కలపకూడదు. తనకు తెలిసింది తేదీలతో రాసి పోలీసులకు తనే ఇస్తే ఆయనకూ మేలు. ఇక మీదట ప్రాక్టీసులో ఇద్దరు పెద్దవాళ్లు ఉండటం, పిల్లలకు మెసేజులు తల్లిదండ్రులున్న గ్రూపులోనే పెట్టడం లాంటివి పైసా ఖర్చు లేని ఏర్పాట్లు.

19 ఏళ్ల అమ్మాయి సంగతి వేరు. ఆమె మేజరు, ఫిర్యాదు ఇవ్వాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం. వద్దన్నా మెసేజులు పెట్టి వెంటపడటం ఆమె విషయంలోనూ నేరమే, భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద. ఆమెను అడగకుండా ఆమె పేరు మీ ఫిర్యాదులో రాయకండి. మెసేజులు మాత్రం చెరపవద్దని చెప్పండి, మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరు ఇవ్వండి.

పాపను క్వయిర్ మాన్పించాలా అన్న ఆలోచన వస్తుంది మీకు. మీరే తేల్చేయకుండా పాపను అడగండి. తప్పు చేసినవాడు స్టేజీ మీద, తను ఇంట్లో ఉంటే శిక్ష తనకే పడిందనుకుంటుంది. పాడతానంటే పాడనివ్వండి, వద్దంటే కొన్నాళ్లు వదిలేయండి, వేరే సంఘానికి వెళదామన్నా సరే. "నువ్వు చెప్పి మంచి పని చేశావు, ఇక చూసుకోవడం అమ్మ పని" అన్న మాట మాత్రం స్పష్టంగా చెప్పండి. నిద్ర పట్టకపోవడం, ఒంటరిగా స్నానానికి భయపడటం, బడి ఎగ్గొట్టడం కొన్ని వారాలు సాగితే జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లండి. ఫోను కొనిచ్చినందుకో, ప్రాక్టీసుకు పంపినందుకో మీ ఆయన మిమ్మల్ని తప్పుబడితే ఆ మాటలు పాప చెవిన పడనివ్వకండి, ఫోను బయటికి తీసుకెళ్లి మాట్లాడండి.

ఈ ఆదివారంలోపు పెద్దలు మళ్లీ మీ ఇంటికి వస్తారు, రాకపోతే ఫోను చేస్తారు. వాదన పెట్టుకోకండి. "అయ్యగారూ, ఫిర్యాదు ఇచ్చాను. మీకు తెలిసింది మీరు పోలీసులకు చెప్పండి. పాపతో ఎవరూ మాట్లాడవద్దు" అని మూడు ముక్కలు చెప్పి పెట్టేయండి. ఎవరు వచ్చారో, ఏ టైముకు వచ్చారో, ఏమన్నారో ఆ నోటుబుక్కులోనే రాయండి. బెదిరింపు ధ్వని ఉంటే అదే రోజు దర్యాప్తు అధికారికి ఫోను చేయండి.