ఆవకాయ జాడీ, అమ్మమ్మ బీరువా: మీరడిగారు, మేం చెప్తున్నాం

ప్రశ్న: అమ్మమ్మ నోటుబుక్కులో ఆవకాయకి సోలెడు ఆవపిండి, సోలెడు కారం, సోలెడు ఉప్పు అని రాసుంది. సోలంటే ఎంతో తెలీక మూడూ 250 గ్రాముల చొప్పున తూచి వేశాను. ముక్కలు తడి లేకుండా తుడిచాను, నూనె పైకి తేలేలా పోశాను, స్టీలు మూత పెట్టాను, అయినా నెల తిరక్కుండానే బూజు పట్టింది. ఎక్కడ పొరపాటు జరిగింది?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

అమ్మా, పొరపాటంతా ఆ త్రాసుదే. సోల అనేది కొలత, తూకం కాదు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, ఇవన్నీ డబ్బాలో పోసి కొలిచేవి. మీ ఇంట్లో ఉన్న ఏదో ఒక గ్లాసు తీసుకుని దాన్నిండా కారం పోసి తూచండి, అదే గ్లాసుతో మెత్తటి ఉప్పు పోసి తూచండి, ఉప్పు దాదాపు రెట్టింపు తూగుతుంది. మీరు మూడూ సమానంగా తూచారు కదా, అంటే అమ్మమ్మ వేసే ఉప్పులో ఇంచుమించు సగమే పడింది, బూజు పట్టక ఏం చేస్తుంది. చాలామంది వీడియోలు చూసి గ్రాముల్లో పెట్టేస్తున్నారు, అది సాంబారుకైతే సరిపోద్దేమో, ఏడాది నిలవుండాల్సిన ఊరగాయకి కుదరదు.

ఈసారి సోల గొడవే వద్దు, ఏ గ్లాసైనా పర్లేదు కానీ అన్నిటికీ అదే గ్లాసు. నాలుగు గ్లాసుల టెంక ముక్కలకి ఆవపిండి, కారం, ఉప్పు ఒక్కో గ్లాసు, గుప్పెడు మెంతులు, ముక్క తడిసేంత నువ్వుల నూనె. రాళ్ళ ఉప్పయితే ఎండబెట్టి దంచి కొలవండి, గళ్ళుగా ఉంటే మధ్యలో గాలి ఉండి గ్లాసు నిండినట్టు మోసం చేస్తుంది. మూడో రోజు తిరగ కలిపి రుచి చూసి, నూనె తగ్గితే పోసుకోండి. అన్నట్టు పైన బూజు తీసేసి కింది ముక్కలు తినొచ్చా అని మీరు అడగలేదు గానీ మనసులో ఉండే ఉంటది, వద్దు, పారేయండి.

ప్రశ్న: మా అత్తగారు ఇచ్చిన పాత గద్వాల చీర ఇరవై ఏళ్ళుగా ప్లాస్టిక్ కవర్లోనే ఉంది. జరీ నల్లబడింది, మడతల దగ్గర చిరుగులు వస్తున్నాయి. చింతపండు పెట్టి రుద్దితే మెరుస్తుందా? ఇంట్లో ఉతకొచ్చా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

చింతపండా! అది ఇత్తడి బిందె కాదండీ. మంచి పాత జరీ అంటే పట్టు దారం మీద వెండి తీగ చుట్టి బంగారు పూత పూసింది, లోపల వెండి కాబట్టే నల్లబడింది, పులుపు పెట్టి రుద్దితే ఆ కాస్త పూత కూడా పోద్ది. అలాగే ఉంచండి, నలుపు అవమానమేం కాదు.

ఇంట్లో నీళ్ళలో పెట్టొద్దు. గద్వాలలో ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు, రెండిటినీ మగ్గం మీదే దారానికి దారం మెలేసి కలుపుతారు. నూలు ఒకలా ముడుచుకుంటుంది, పట్టు ఇంకోలా, అందుకే తడిస్తే అంచు దగ్గర ముడతలు పడి లాగేసినట్టు అవుతుంది. డ్రై క్లీనింగ్‌కి ఇవ్వండి, ఇచ్చేముందు చిరుగులు చూపించండి. తర్వాత ఉతికిన పాత నూలు గుడ్డలో చుట్టి పెట్టండి, గంజి పెట్టి మాత్రం దాచొద్దు, పురుగులకి అది భోజనం. మూడు నెలలకోసారి నీడన ఆరేసి మడత మార్చండి, ఎప్పుడూ ఒకే గీత మీద మడిస్తే అక్కడే తెగుతుంది. హ్యాంగర్‌కి వేలాడదీయకండి, చిరిగే చీర తన బరువుకి తనే చిరుగుద్ది. కలరా ఉండలు జరీకి తగలకూడదు.

ప్రశ్న: ఎనిమిది వందలకి పోచంపల్లి చీర కొన్నాను, నిజమైనదేనా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

వెనక్కి తిప్పి చూడండి. పోచంపల్లిలో నేయకముందే దారానికి చిటికి కట్టి, అంటే సైకిల్ ట్యూబు రబ్బరు ముక్కలతో ముడులేసి రంగులో ముంచుతారు, అందుకే డిజైను రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అంచులు కొంచెం చెదిరినట్టుంటాయి. వెనక వెలిసినట్టుండి, గీతలు గీసినంత ఖచ్చితంగా ఉంటే అది ప్రింటు. ఇంకో మాట, చిటికి కట్టడానికి ముందు ఆసు పోయాలి, అంటే దారాన్ని మేకుల చుట్టూ వరసగా తిప్పి చుట్టాలి, ఒక్క చీరకే చెయ్యి వేలసార్లు ఇటూ అటూ తిప్పాలి. తల్లి ఆ భుజం నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇంత పని ఉన్న చీర ఎనిమిది వందలకెలా వస్తుందో మీరే లెక్కేసుకోండి.

ప్రశ్న: అమ్మ మంగళగిరి నూలు చీర బాగా చిరిగిపోయింది, పారేయడానికి మనసొప్పట్లేదు.
– ఒక పాఠకురాలు, గుంటూరు

పారేయడం ఎందుకు? అంచు జరీ జాగ్రత్తగా విప్పి వేరే బట్టకి కుట్టించుకోండి. మిగతాది మెత్తబడిన నూలు కదా, చిరగని చోట చూసి ఊరగాయ జాడీ మూతి కప్పి చుట్టూ జానెడు మిగిలేలా పెద్ద చదరాలు కత్తిరించి, గంజీ సబ్బు వాసనా లేకుండా ఉతికి ఎండలో బాగా ఆరనివ్వండి. జాడీకి వాసెన కట్టడానికి, అంటే మూతి మీద గుడ్డ కప్పి బిగించి కట్టడానికి, అంతకన్నా మంచి గుడ్డ దొరకదు. మొదటి ఉత్తరం రాసిన రాజమండ్రి ఆవిడకి కూడా అదే చెప్పాలి, ఈసారి స్టీలు మూతతో సరిపెట్టకండి.