రెండు డొమైన్ కంట్రోలర్ల మధ్య ఫిజ్మో రోల్స్ పంచాలా? పంచొద్దు, ఆ శ్రద్ధ వేరే చోట పెట్టండి

మీరు అడిగింది: ఒకే డొమైన్, 40 కంప్యూటర్లు, విండోస్ సర్వర్ 2022 వేసిన రెండు సర్వర్లు. లాగిన్లు చూసే డొమైన్ కంట్రోలర్లు (డీసీ1, డీసీ2) ఇవే. ఐదు ఫిజ్మో రోల్స్‌లో (ఒక్కోటి ఒకసారికి ఒక డీసీ మాత్రమే చేసే ప్రత్యేక బాధ్యతలు) మూడు ఒకదాని మీద, రెండు ఇంకోదాని మీద పెట్టాలా? డీఎన్‌ఎస్ (పేరును బట్టి ఐపీ చెప్పేది), డీహెచ్‌సీపీ (కంప్యూటర్లకు ఐపీలు పంచేది), ట్యాలీ డేటా ఎక్కడ ఉండాలి?

ఐదూ డీసీ1 మీదే ఉంచేయండి. 40 కంప్యూటర్ల ఆఫీసులో ఈ రోల్స్ వేసే లోడ్ లెక్కలోకి రాదు కాబట్టి పంచితే ఒరిగేదేమీ లేదు. సర్వర్ పోయిన రోజు ఏ రోల్ ఎక్కడుందో వెతుక్కోవడమే మిగులుతుంది. గ్లోబల్ కేటలాగ్ (అన్ని డొమైన్ల సంక్షిప్త సూచిక) ఉన్న మెషీన్ మీద ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ మాస్టర్ అనే రోల్ పెట్టకూడదని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. అది ఒకటికి మించి డొమైన్లుండి, కొన్ని డీసీలకే గ్లోబల్ కేటలాగ్ ఇచ్చిన చోట వర్తించే మాట. మీ రెండు డీసీలకూ గ్లోబల్ కేటలాగ్ టిక్ పెట్టేయండి, ఆ చర్చే ఉండదు.

డీసీ1 పడిపోయినా కొంప మునగదు. లాగిన్లు డీసీ2 చూసుకుంటుంది. స్కీమా మాస్టర్, డొమైన్ నేమింగ్ మాస్టర్ లేవన్న సంగతి నెలల తరబడి ఎవరికీ తెలియదు. రిడ్ మాస్టర్ ఒక్కో డీసీకి 500 నంబర్ల (రిడ్‌లు, కొత్త అకౌంట్‌కు ఒకటి) చొప్పున ముందే ఇచ్చేస్తుంది కాబట్టి కొత్త యూజర్లను డీసీ2 మీద మామూలుగానే చేసుకోవచ్చు. లోటు ముందుగా తెలిసేది పీడీసీ ఎమ్యులేటర్‌దే: టైమ్, అకౌంట్ లాకౌట్లు, గ్రూప్ పాలసీ ఎడిటింగ్. అందుకే రెండ్రోజుల్లో బాగుపడే సర్వర్ అయితే రోల్స్‌ను సీజ్ చేయకండి (బలవంతంగా డీసీ2కి లాక్కోకండి). ఇక రాదని తేలితేనే పవర్‌షెల్‌లో మూవ్-ఏడీడైరెక్టరీసర్వర్‌ఆపరేషన్‌మాస్టర్‌రోల్ కమాండ్‌ను ఫోర్స్‌తో నడపండి. ఆ తర్వాత పాత డీసీ1ను తిరిగి నెట్‌వర్క్‌కు కలపొద్దు. ఇద్దరు రిడ్ మాస్టర్లుంటే ఒకే రిడ్ రెండు అకౌంట్లకు పడే ప్రమాదముంది. డిస్క్ ఫార్మాట్ చేసి, డైరెక్టరీలో దాని పాత ఆనవాళ్లు తీసేసి (మెటాడేటా క్లీనప్), కొత్త డీసీగానే ఎక్కించండి.

ఎక్కువ ఆఫీసుల్లో అసలు గొడవ డీఎన్‌ఎస్‌తో. రెండు డీసీల మీదా యాక్టివ్ డైరెక్టరీ ఇంటిగ్రేటెడ్ జోన్లే (డొమైన్ డైరెక్టరీలోనే ఉండి డీసీల మధ్య కాపీ అయ్యే డీఎన్‌ఎస్ రికార్డులు) పెట్టండి. నెట్‌వర్క్ కార్డులో డీసీ1కి మొదటి డీఎన్‌ఎస్‌గా డీసీ2, డీసీ2కి మొదటిదిగా డీసీ1, రెండింటికీ చివర 127.0.0.1 (అంటే అదే సర్వర్). క్లయింట్లకు డీహెచ్‌సీపీ ఆప్షన్ 6లో ఈ రెండు ఐపీలు తప్ప ఇంకేమీ వద్దు. "సేఫ్టీకి" అని రెండోదిగా గూగుల్ డీఎన్‌ఎస్ 8.8.8.8 పెడితే, డీసీ ఒక్కసారి ఆలస్యంగా జవాబిచ్చినా క్లయింట్ బయటి సర్వర్‌కు మళ్లుతుంది. నెట్ బ్రహ్మాండంగా వస్తుంటుంది, డొమైన్ మాత్రం దొరకదు. లాగిన్ నత్తనడక, గ్రూప్ పాలసీ ఫెయిల్. బయటి డీఎన్‌ఎస్ చోటు డీసీల ఫార్వర్డర్స్‌లోనే (తమకు తెలియని పేర్లను డీసీలు అడిగే సర్వర్ల జాబితా).

కరెంటు పోయి రెండు డీసీలూ ఒకేసారి లేస్తే డీఎన్‌ఎస్ లాగ్‌లో ఇవెంట్ 4013 కనిపించవచ్చు. డైరెక్టరీ మొదటి సింక్ పూర్తవలేదని డీఎన్‌ఎస్ ఎదురుచూస్తోందని అర్థం. కాసేపటికి అదే లేస్తుంది. కంగారుపడి రీస్టార్ట్ కొడితే నిరీక్షణ మళ్లీ మొదటికొస్తుంది. రెండింటికీ వేర్వేరు యూపీఎస్‌లు ఉంటే ఈ పరిస్థితి చాలావరకు రాదు.

టైమ్ విషయంలో పీడీసీ ఎమ్యులేటర్ ఒక్కటే బయటి ఎన్‌టీపీ (టైమ్ సర్వర్) నుంచి తీసుకోవాలి, మిగతావన్నీ డొమైన్ నుంచి. అయిదు నిమిషాలు దాటి తేడా వస్తే కెర్బెరోస్ (డొమైన్ లాగిన్లను సరిచూసే పద్ధతి) లాగిన్లు తిరస్కరిస్తుంది. డీసీ1 హైపర్-వీలో వీఎం (వర్చువల్ మెషీన్) అయితే డబ్ల్యూ32టీఎం క్వెరీ సోర్స్ కొట్టి చూడండి. "వీఎం ఐసీ టైమ్ సింక్రనైజేషన్ ప్రొవైడర్" అని వస్తే వీఎం టైమ్‌ను హోస్ట్ (దాన్ని నడిపే అసలు మెషీన్) నుంచి తీసుకుంటోంది. ఆ హోస్ట్ డొమైన్‌లో ఉంటే అది తిరిగి డీసీనే అడుగుతుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ మెల్లగా పక్కకు జరిగిపోతారు. ఇంటిగ్రేషన్ సర్వీసెస్‌లో టైమ్ సింక్రనైజేషన్ టిక్ తీసేయండి.

డీహెచ్‌సీపీ రెండింటి మీదా వేసి, ఫెయిలోవర్‌ను (ఒకటి పడినా రెండోది పని కొనసాగించే ఏర్పాటు) 50:50 లోడ్ బ్యాలెన్స్‌లో పెట్టండి. రౌటర్‌లోని డీహెచ్‌సీపీ ఆపడం మర్చిపోవద్దు. ఫెయిలోవర్‌లో లీజులు వాటంతట అవే అటూ ఇటూ వెళ్తాయి. రిజర్వేషన్ (ఒక పరికరానికి ఖాయం చేసిన ఐపీ), ఆప్షన్ మార్పులు వెళ్లవు. మార్చిన ప్రతిసారీ స్కోప్ (పంచే ఐపీల శ్రేణి) మీద రైట్ క్లిక్ చేసి రెప్లికేట్ కొట్టాలి. ప్రింటర్ ఐపీ ఒకరోజు ఒకటి, మర్నాడు ఇంకొకటి అని వచ్చే ఫిర్యాదుకు తరచూ కారణం ఇదే. డీఎన్‌ఎస్ అప్‌డేట్ల కోసం డీహెచ్‌సీపీకి హక్కులేమీ లేని మామూలు యూజర్ అకౌంట్ ఒకటి ఇవ్వండి.

ఇక ట్యాలీ. డీసీ మీద పెట్టొద్దు. డైరెక్టరీ డేటాబేస్ ఉన్న డిస్కుకు డీసీ రైట్ క్యాష్‌ను (రాతల వేగం పెంచే తాత్కాలిక నిల్వ) ఆపేస్తుంది. ట్యాలీ డేటా అదే డిస్కు మీద ఉంటే పది మంది ఒకేసారి వోచర్లు ఎంట్రీ చేసేటప్పుడు ఆ నెమ్మది తెలుస్తుంది. అంతకన్నా పెద్ద సమస్య అడ్మిన్ హక్కులు. డీసీలో లోకల్ అడ్మిన్ అంటూ వేరే ఉండదు. ట్యాలీ సర్వీస్ ఇంజనీర్‌కు ఆ సర్వర్‌లో అడ్మిన్ హక్కులు ఇచ్చారంటే మొత్తం డొమైన్ తాళాలు ఇచ్చినట్టే.

దీనికోసం మూడో సర్వర్ కొనక్కర్లేదు. సర్వర్ 2022 స్టాండర్డ్ లైసెన్సు అన్ని కోర్లకూ, కనీసం 16కు, ఉంటే ఆ మెషీన్ మీద రెండు విండోస్ వీఎంలు నడపొచ్చు. షరతు: హోస్ట్ మీద హైపర్-వీ తప్ప వేరే పని పెట్టకూడదు. మొదటి హోస్ట్‌లో డీసీ1, దాని పక్కన ఫైల్, ప్రింట్, ట్యాలీ వీఎం. రెండో హోస్ట్‌లో డీసీ2, మిగిలిన వీఎం చోటు బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌కు. సర్టిఫికెట్ సర్వీసెస్ కావాలన్నా డీసీ మీద కాకుండా అక్కడే వేసుకోండి. డీసీ మీద వేస్తే, అది తీసేస్తే తప్ప ఆ డీసీని డిమోట్ చేయనివ్వదు (డీసీ హోదా తీసేయనివ్వదు). హోస్ట్‌ల లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్‌లు కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. డీసీలు రెండూ లేవనప్పుడు డొమైన్ అకౌంట్‌తో హోస్ట్‌లోకి వెళ్లగలమన్న నమ్మకం లేదు.

అన్నీ అయ్యాక నెట్‌డామ్ క్వెరీ ఫిజ్మో కొడితే ఐదు వరుసల్లోనూ డీసీ1 పేరే రావాలి. రెప్‌అడ్మిన్ రెప్ల్‌సమ్మరీలో (డీసీల మధ్య డేటా కాపీ అవుతోందా అని చూపే నివేదిక) ఫెయిల్స్ కాలమ్ రెండు డీసీలకూ సున్నా ఉండాలి.